మంచి చెయ్యి

మా అమ్మాయి కుడిచేతి బొటనవేలు వంగదు. కాస్త పక్కకు తిరిగి, పుల్లలా నిలబడి ఉంటుంది. జహీరాబాద్ బజారులో గాజులమ్మే ఆమె దగ్గర్నుంచి స్కూల్లో ఆయా దాకా అందరూ అడిగేవాళ్ళే. కాలిందా, తలుపు సందులో పడిందా, పుట్టుకతోనే అంతా అని. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు మీకెందుకని ముఖం మీదే అనేస్తున్నాను. ఎద్దు పుండు కాకికి నొప్పా? నాకు నోరెక్కువని అత్తగారింట్లో ఎలాగూ పేరుంది, ఇంకొంచెం పెరిగితే పోయేదేం లేదు.

పుట్టినప్పుడు ఆ చేతికి రెండు బొటనవేళ్ళు. ఒకే మొదలు నుంచి రెండుగా చీలి ఉండేవి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది, రెండింటికీ గోళ్ళు. కాన్పయిన దవాఖానలో ఆయమ్మ బిడ్డను నా పక్కన పడుకోబెడుతూ, గుర్రపు వెంట్రుక బిగించి కడితే వారంలో ఎండి రాలిపోతుందని సలహా ఇచ్చింది. లోపల ఎముక ఉన్న వేలికి వెంట్రుక కడతారా అని కుట్ల నొప్పిలోనే ఆమెను తిట్టిపోశాను. బిడ్డ విషయంలో నేను తెలివిగా ప్రవర్తించిన రోజుల్లో అదొకటి. అలాంటివి ఎక్కువ లేవు.

మా అత్తగారి ఊరు ఝరాసంగం దగ్గర. మామయ్యకు నాలుగెకరాల మెట్ట ఉంది. కంది, పెసర, జొన్న పండిస్తాడు. అప్పటికి రెండు బోర్లు వేయిస్తే రెండింటిలోనూ దుమ్మే లేచింది. పిల్లకు ఎనిమిదో నెల నడుస్తుండగా మూడోది వేయించాడు. కొబ్బరికాయ కొట్టేముందు ఎవరో అన్నారు, మనవరాలి చేతికి తాకించి కొట్టమని. నేనే ఎత్తుకుని ఉన్నాను. తాకించారు, కొట్టారు. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. ఇంకేముంది, రెండు బొటనవేళ్ళ పిల్ల, చెయ్యి మంచిదని ఊరంతా పాకిపోయింది.

ఆ తొలకరికి మా ఇంటి ముందు మనుషులే మనుషులు. విత్తనాలు వేసే గొర్రులో పోసే మొదటి పిడికెడు కందులు దాని చేతికి తాకించి పోయాలి. కొత్త ట్రాక్టరు తాళంచెవి దాని చేతిలో పెట్టి తీసుకోవాలి. కొత్త ఇంటికి దర్వాజా ఎత్తితే దాని చేత ముట్టించాలి. రాయికోడ్ వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్ళు. ఉత్త చేతులతో రారు కదా, గౌనో, బెల్లమో, డజను గాజులో తెచ్చేవాళ్ళు. మామయ్య దాన్ని భుజాన ఎక్కించుకుని పొలం పొలం తిరిగేవాడు. నా బిడ్డ ఏమన్నా గంగిరెద్దా, ఇంటింటికీ తిప్పడానికి, అని నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. నేనన్నా అవునంటాడు, తండ్రన్నా అవునంటాడు, తిని పడుకుంటాడు.

ఏడాది నిండాక హైదరాబాదులో చూపించాం. ఇది కోసి పారేసే పని కాదమ్మా అన్నాడు డాక్టరు. రెండు వేళ్ళూ అరకొరవే, రెండింటినీ కలిపి ఒక మంచి వేలు చెయ్యాలి అన్నాడు. చిన్నదాన్ని తీసి, దాన్ని పట్టి ఉన్న కండను మిగిలిన వేలికి కుట్టాలి, కీలును తిన్నగా నిలబెట్టాలి. ఏడాదిన్నర లోపు చేస్తే పిల్లకు ఆ వేలితో పట్టుకోవడం అలవాటవుతుంది. ముదిరితే ఎముక వంకర పోతుంది, పట్టు వేరే వేళ్ళకు పోతుంది. మొక్కై వంగనిది మానై వంగదు కదా అని ఆయనే అన్నాడు. రెండు నెలల తర్వాతికి ఒక తేదీ రాసిచ్చాడు.

ఆపరేషన్ ఆరేళ్ళకు జరిగింది.

ఎందుకంత ఆలస్యమని ఎవరడిగినా నా జవాబు ఒకటే. మా మామ చేయించనివ్వలేదు, వేలు తీస్తే అదృష్టం పోతుందని అడ్డం పడ్డాడు. చుట్టాలకు అదే చెప్పాను, స్కూల్లో అదే చెప్పాను, వేలికి వ్యాయామం చేయించే అమ్మాయికీ అదే చెప్పాను. పిల్ల పక్కనుండగానే చెప్పాను. విని విని దానికి పాఠంలా నోటికొచ్చేసింది.

ఆయన పొలాలు తిప్పింది నిజం. కానీ ఆ తేదీ నాడు జరిగింది వేరు.

నాకో తమ్ముడున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాడు, మునిగింది. చికెన్ సెంటర్ పెట్టాడు, అదీ మునిగింది. మూడోసారి చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన టిఫిన్ హోటల్ పెడుతున్నాడు. ముహూర్తం సరిగ్గా ఆపరేషన్ నాడే కుదిరింది. వారం ముందు మా అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఊరందరికి నీ బిడ్డ చెయ్యి గావాలె. సొంత తమ్మునికి వద్దా అక్కా?" అన్నాడు. మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఉన్నమాట చెప్పేస్తాను. వాడట్లా అడగడం నాకు బాగుంది. పెళ్ళయి ఆ ఊరొచ్చిన మూడేళ్ళలో నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. ఆ పిల్ల పుట్టాక ఎవరింటికి వెళ్ళినా నాకు కుర్చీ వేసేవాళ్ళు, ముందు నాకే చాయ్ ఇచ్చేవాళ్ళు. మామయ్యను తిట్టేదాన్ని కానీ ఆ కుర్చీలో మాత్రం కూర్చునేదాన్ని. ఊరందరికీ పంచిన అదృష్టం మా పుట్టింటికి ఒక్క చుక్కైనా చేరలేదన్న బాధ లోపల ఉండనే ఉంది. అదృష్టాన్ని నమ్మావా అంటే, నమ్మాను. డిగ్రీ చదివాను, అయినా నమ్మాను.

ముందురోజు మామయ్య హైదరాబాద్ బస్సు కోసం తెల్లవారుజామునే రమ్మని ఆటో మాట్లాడి వచ్చాడు. నేను చిరాగ్‌పల్లి వెళ్తున్నామని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

"బోరు పడ్డది, నాకు గంతే సాలు. పిల్ల చెయ్యి ఆగం గావొద్దు బిడ్డా. దవాఖానకే పోండ్రి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మీ బోరుకైతే పనికొచ్చిన చెయ్యి మా తమ్ముడి పొయ్యికి పనికి రాదా అన్నాను. డాక్టరు ఎక్కడికి పోతాడు, ఇంకో తేదీ ఇస్తాడు అన్నాను. అత్తింటి కోడలు మామగారితో అనకూడని మాటలు ఇంకా నాలుగన్నాను. తెల్లవారి వచ్చిన ఆ ఆటోలోనే మేం చిరాగ్‌పల్లి వెళ్ళాం. అగ్గిపెట్టె పిల్ల చేతికి తాకించి పొయ్యి వెలిగించారు. నేను పట్టుచీర కట్టుకున్నాను.

డాక్టరు ఇంకో తేదీ ఇచ్చాడు, రెండున్నర నెలల తర్వాత. అప్పటికి పిల్లకు దగ్గు, మత్తు ఇవ్వడం కుదరదని తిప్పి పంపారు. ఆ తర్వాత విత్తనాల రోజులు, ఆ తర్వాత ఎవరిదో పెళ్ళి. ఒకసారి తప్పిన పని తప్పుతూనే పోయింది. నేనూ పెద్దగా తొందరపడలేదు, అదింకా చిన్నదే కదా అనుకున్నాను. తమ్ముడి హోటల్ ఎనిమిది నెలలకే మూతపడింది. వాడిప్పుడు ఎవరిదో కారు నడుపుతున్నాడు.

ఒకటో తరగతిలో టీచరు పిలిపించి చూపించింది. పిల్ల పెన్సిల్‌ను చూపుడువేలు, మధ్యవేలు సందులో ఇరికించి రాస్తోంది. బొటనవేళ్ళు రెండూ ఊరికే పక్కన ఉన్నాయి. అప్పుడు పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అదే డాక్టరు ఎక్స్‌రే చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎముక కోసి తిన్నగా అమర్చి లోపల సన్నని తీగ పెట్టారు. మోచేయి పైదాకా ఆరు వారాలు కట్టు. తీగ లాగిననాడు అది పెట్టిన కేక నాకు ఇంకా వినిపిస్తుంది. ఇంత చేసినా వేలు వంగలేదు. రోజూ రబ్బరు బంతి పిసికిస్తుంటే నొప్పని ఏడ్చేది. ఒకరోజు విసుగొచ్చి చెంప మీద కొట్టాను. నా తప్పుకు దాన్ని కొట్టాను.

ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. తాతతో మాట్లాడదు. మేం జహీరాబాద్‌కు మారిపోయాం, ఊరికి వెళ్తే ఆయన చేతి నుంచి ఏదీ తీసుకోదు. ఆయన పిలిస్తే ఊ అంటుంది, అంతే. భుజాన మోసిన మనిషి, గుమ్మంలో నిలబడి దాన్ని చూసి చూసి లోపలికి పోతాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఇన్నేళ్ళూ.

పోయిన నెల, హైదరాబాద్ నుంచి చేతి ఆపరేషన్లు చేసే మరో డాక్టరు నెలకోసారి జహీరాబాద్ నర్సింగ్‌హోమ్‌కు వస్తున్నాడని తెలిసి తీసుకెళ్ళాను. నేను చెప్పకపోయినా మా ఆయన చెప్పినట్టున్నాడు, మామయ్య ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముగ్గురం లోపలికి వెళ్ళాం. డాక్టరు వేలిని అటూ ఇటూ కదిపి చూశాడు. ఇంకో ఆపరేషన్ చేస్తే వంకర కొంత తగ్గుతుందన్నాడు. వంగుతుందా అన్నాను. ఆ ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఏడాది పిల్లప్పుడు చేయించాల్సింది, ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పిల్ల చెప్పింది.

"మా తాత వద్దన్నడు సార్."

డాక్టరు మామయ్య వైపు చూశాడు. నేనూ చూశాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అవ్ సారూ. నేనే వద్దన్న. తెల్వక" అన్నాడు.

డాక్టరు ఆయన్ను చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. మీ మూఢనమ్మకాలకు పసిపిల్లల బతుకులు నాశనం చేస్తారన్నాడు. అరవై దాటిన మనిషి చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు. ఇంట్లో గంపెడు నోరున్న నాకు అక్కడ ఒక్క మాట రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే. వచ్చింది, నేనే మింగాను.

కొత్త ఎక్స్‌రే కోసం పిల్లను నర్సు తీసుకెళ్ళింది. వరండాలో కుర్చీల్లో మేమిద్దరమే మిగిలాం. అట్లా ఎందుకు చెప్పారు మామా అని మెల్లగా అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"పిల్లకు అమ్మ గావాలె బిడ్డా. తాత ఇయ్యాల్నో రేపో పోతడు."

ఎక్స్‌రే గది పది అడుగుల దూరంలో ఉంది. లేచి వెళ్ళి చెప్పేస్తే అయిపోయేది. తప్పు నాదే, తాతది కాదు అని రెండు ముక్కలు. కూర్చునే ఉన్నాను. పిల్ల బయటికి వచ్చింది. తాత పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని వదిలేసి, చుట్టూ తిరిగి వచ్చి నాకు ఇవతలి పక్కన కూర్చుంది. నా భుజం మీద తల పెట్టింది.

"చూసినవా అమ్మా, సార్ తాతను మంచిగ తిట్టిండు" అంది నా చెవిలో.

నేను ఊ అన్నాను.