టకటక సుత్తి దెబ్బ

టకటక అని ఆయనకు పేరు పెట్టిందెవరో గానీ, ఆ మనిషికి చెవులున్నాయి. కుర్చీలో కూర్చునే ముందు దాని చేతిని వేలి కణుపుతో తట్టి వింటాడాయన. గ్లాసు అందుకుంటే అంచును గోటితో మీటి వింటాడు. కొత్తగా కాపురం పెట్టినప్పుడు అద్దెకు చూసిన ప్రతి ఇంట్లోనూ గోడలన్నీ తట్టి, ఈయనేదో దొంగలా ఉన్నాడే అని ఇంటివాళ్లు అనుకునేలా చేశాడు.

"ఇంట్లో ఇక నా తలొక్కటే మిగిలింది. అదీ కొట్టి చూడండి," అంటుంది భార్య.

"చూశాగా. చాలా గట్టి సరుకు," అంటాడు.

ఈ పిచ్చికి జీతమిచ్చే చోటు దొరకడం ఆయన అదృష్టం. చాలామందికి దొరకదు. ఇష్టమైంది ఒకచోట, తిండి పెట్టేది ఇంకోచోట అయి, రెంటి మధ్యా తిరిగి తిరిగి ముసలివాళ్లవుతారు. ఆయన మాత్రం పెద్ద పెద్ద ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో పడ్డాడు.

ప్రతి వస్తువుకూ తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తే ఆ వేగంతోనే ఊగుతుంది. పక్కనున్న యంత్రం సరిగ్గా అదే వేగంతో కుదిపిందంటే, ఊపు మీద ఊపు చేరి ఎంత ఇనుమైనా బీటలిస్తుంది. ఆ వేగమేదో పట్టుకోవడమే ఆయన పని. తగిలిన దెబ్బ బలాన్ని ఆయన సుత్తే కొలుస్తుంది. వస్తువుకు మైనంతో అంటించిన సెన్సర్ అది ఎలా ఊగిందో చెబుతుంది. రెండూ కలిపి కంప్యూటర్ ఒక గీత గీస్తుంది. గీత ఎక్కడ కొండలా లేస్తే అదే ఆ వస్తువు వేగం.

ఒకసారి, మోటార్లను మోసే బ్రాకెట్లు వరసగా, వంపు తిరిగే మెడ దగ్గర పగలడం మొదలైంది. "వెల్డింగ్ చేతకాక," అన్నాడు మేనేజర్. వెల్డర్ ఎవరో కాదు, టకటక భార్యకు స్వయానా తమ్ముడు. బ్రాకెట్‌లోనే లోపముందని పరీక్షలో తేలకపోతే అతన్ని తీసేస్తానని మేనేజర్ అందరి ముందే చెప్పాడు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. వచ్చిన వస్తువును రబ్బరు తాళ్లతో వేలాడదీస్తారు. దేన్నీ ఆనుకోకుండా అది తన సొంత గొంతుతో పలకాలని. కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మకు ఆ పద్ధతి నేర్పిందీ టకటకే. బ్రాకెట్ వేలాడింది. సుత్తి లేచింది. గుమ్మంలో బావమరిది.

"బావా, కాస్త మెల్లగా."

"నిన్ను కొట్టట్లేదురా."

"నన్నే కొడుతున్నట్టుంది."

వేడి పెనాన్ని ముట్టినట్టు, సుత్తి ఒక్కసారి తగిలి వెనక్కి వచ్చేసింది. మోటారు తిరిగేది సెకనుకు ఇరవై అయిదు చుట్లు. గీతలో కొండ లేచింది సెకనుకు నూట నలభై ఊపుల దగ్గర. ఆ రెంటికీ పొంతనే లేదు.

"బ్రాకెట్‌లో లోపం లేనట్టేనా అండీ?" అంది ఇంజినీరమ్మ.

"అలాగే ఉంది మేడమ్," అన్నాడు. గుమ్మంలోకి చూసేసరికి అక్కడెవరూ లేరు.

గీతను కాస్త ఇరవై అయిదు వైపు జరపడం ఆయనకు చేతకాక కాదు. కానీ తను జరిపిన గీతలో తను కొత్తగా తెలుసుకునేదేముంటుంది? ఒక్కటే తొలుస్తోంది: అతుకులు మూడు చోట్ల ఉంటే, పగుళ్లన్నీ మెడ దగ్గరే ఎందుకు?

సాయంత్రం ఇంట్లో భార్య మంచినీళ్ల గ్లాసు ఠక్కున పెట్టి పెరట్లోకి వెళ్లింది. పెరటి వసారాలో వాషింగ్ మెషిన్ బట్టలు పిండుతోంది. దాని పైన గోడకు బిగించిన చెక్క, మీదున్న సబ్బుపొడి డబ్బాతో సహా గడగడ వణుకుతోంది.

"ఇది రోజూ ఇలాగే వణుకుతుందా?"

"సబ్బుపొడి డబ్బా నిండుగా ఉంటేనే. అడుగంటాక మానేస్తుంది. నా తమ్ముడి గతేమిటో చెప్పకుండా చెక్క గొడవ ఎందుకండీ ఇప్పుడు?"

ఆయన డబ్బా దించాడు. చెక్క నోరు మూసుకుంది. మళ్లీ పెట్టాడు. గడగడ.

"ఎంత పని చేశాను!" అన్నాడు. "దాన్ని ఉయ్యాల్లో పడుకోబెట్టి అడిగాను. అదేమో బరువు నెత్తినెత్తుకుని, ఒకచోటే ఇరుక్కుని బతుకుతోంది."

"ఎవరు, మా తమ్ముడా?"

"బ్రాకెట్టే! మోటారు బరువెక్కితే దాని వేగం దిగిపోతుంది."

మర్నాడు రబ్బరు తాళ్లు విప్పేశాడు. బ్రాకెట్‌ను ఫ్యాన్ చట్రానికే బిగించి, మోటారు ఎక్కించాడు. సుత్తికి ఇనుప మొన తీసి రబ్బరు మొన పెట్టాడు, నెమ్మదిగా ఊగే వస్తువుకు మెత్తటి దెబ్బే సరిపోతుంది. కొట్టాడు. కొండ ఇరవై అయిదును ఆనుకుని లేచింది.

"మరి నిన్న నూట నలభై అన్నారు?" అన్నాడు మేనేజర్.

"నిన్న నేను పెట్టిన తీరే తప్పు సార్."

"సరే, దీనికో ఊతం వెయ్యమనండి." వెల్డర్ మొహం వైపైనా చూడకుండా వెళ్లిపోయాడు. ఉద్యోగం తిరిగిచ్చేటప్పుడు పెద్దవాళ్లకు ఎప్పుడూ తొందర పనే ఉంటుంది.

"అంటే నా వెల్డింగ్ బాగున్నట్టేగా బావా?"

"అది సుత్తికి తెలియదు. నువ్వెంత బాగా అతికినా ఇది పగిలేదే. అంతవరకే చెప్తుంది."

బావమరిది ఓ ఇనుప పట్టీ తెచ్చి మెడ కింద ఏటవాలుగా అతికాడు. చల్లారాక టకటక సుత్తి అతని చేతికే ఇచ్చాడు. అతను కొట్టాడు. కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"రెండుసార్లు తగిలిందిరా. తగలగానే వెనక్కి లాగెయ్యాలి."

"నాకు అతికించడమే అలవాటు బావా."

మళ్లీ కొట్టాడు. కొండ ఇరవై అయిదుకు బాగా దూరంగా, నలభై దాటాక లేచింది. తెర వైపు కూడా చూడకుండా టకటక వంగి, కొత్త అతుకును వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు.