మా బాపు కారుకు నైట్రస్ బిగించిన సంగతి

భూములు పోయాయి, కోటలాంటి మా గడి కూలింది. మాకు మిగిలింది ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి. మా బాపు పడుచు వయసులో విలాయత్ నుంచి తెప్పించుకున్నది. కరీంనగర్ వీధుల్లో నేను దాన్ని నడుపుతుంటే ఆటోలు మొన్నమొన్నటిదాకా పక్కకు జరిగేవి. పొగకు జరుగుతున్నాయని మా బంధువులనేవారు. వాళ్లకు మొదటి నుంచీ కడుపుమంట.

ఆమధ్య ఆదిలాబాద్‌లో ఒక పెళ్లికి ఆ కారులోనే వెళ్లాను. మా ఇంట్లో ఒకప్పుడు డ్రైవరుగా పనిచేసినాయన కొడుకు అక్కడ కలిశాడు. ఇప్పుడతనికి సొంత పత్తి జిన్నింగ్ మిల్లుంది, చప్పుడు చేయని కొత్త బ్యాటరీ కారుంది.

"దొరా, గీ బండిని ఇంకా నడిపిస్తున్నరా, తోపిస్తున్నరా?" అన్నాడు. పందిట్లో నలుగురు నవ్వారు.

"నీ బండిని దాటేటంత నడుస్తది" అన్నాను.

"అయితే మా మిల్లుల పొడుగు సడక్ ఉన్నది. చూద్దమా?"

"చూద్దం. ఓడితే బండి నీకే ఇస్త."

నోరు దాటిన మాటను వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. భూములు కూడా చాలావరకు అలాగే పోయాయి.

కరీంనగర్‌లో నా మెకానిక్ దుబాయ్ గ్యారేజీలో రేసు కార్ల మీద చేయి తిరిగినవాడు. సంగతంతా విని తల గోక్కున్నాడు.

"నైట్రస్ పెడ్దం దొరా. గ్యాసు ఇంజన్‌లకు పోతది, దానితోని పెట్రోలు కూడా ఎక్కువ పోతది. పది సెకండ్లు బండి ఎగుర్తది. కానీ గీ ఇంజన్ ముసల్ది, గ్యాసు పోయే జెట్టు చిన్నదే వేస్త. పెద్దది వేస్తే పిస్టన్లు కరుగుతయి."

పళ్ల డాక్టరు మత్తుకు ఇచ్చేది కూడా ఆ గ్యాసేనని తరువాత తెలిసింది. డిక్కీలో నీలం సీసా పడుకోబెట్టి, ఇంజన్ దాకా సన్నని గొట్టం లాగి, గేరు పక్కన బటన్ పెట్టాడు. "సీసా మూత పందెం షురువయ్యే జాగల్నే డిక్కీ తెరిచి మీరే తిప్పాలె, ముందుగాలనే తిప్పితే గ్యాసు కారిపోతది. మర్వకున్రి" అన్నాడు రెండుసార్లు.

నేను మరిచిపోలేదు.

పందెం నాడు మిల్లు సడకు పక్కన హమాలీలు, గుమాస్తాలు, మరాఠీలో ఏదో నవ్వుకుంటున్న పత్తి వ్యాపారులు వరుసగా నిలబడ్డారు. వాళ్ల ముందు నేను దిగి డిక్కీ తెరవాలి. మా ఇంట్లో డిక్కీ తెరవడం డ్రైవరు పని. డ్రైవరును మాన్పించినప్పటి నుంచి నా సంచిని పక్క సీట్లోనే పెట్టుకుంటున్నాను. పైగా సీసా కనబడితే, దొర బండికి దవాఖాన గ్యాసు పెట్టించిండట అని ఊరంతా చెప్పుకుంటారు. దిగలేదు.

జెండా ఊపారు. అతని బండి చప్పుడు లేకుండా ముందుకు జారిపోయింది. సగం దూరంలో నాకు దాని వెనక దీపాలే మిగిలాయి. అప్పుడు, మూత తిప్పలేదని తెలిసి కూడా, బటన్ నొక్కాను. గ్యాసు రాలేదు. దానికి తోడుగా రావలసిన పెట్రోలు మాత్రం నిజాయితీగా వచ్చింది. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై, నల్లటి పొగ కక్కి, ఎడ్లబండి నడకకు దిగింది. నేను చేరేసరికి అతను చేతులు కట్టుకుని నీడన నిలబడి ఉన్నాడు.

తాళం ఇచ్చాను. "డిక్కీల గ్యాసు సీసా ఉన్నది. మూత తిప్పలే" అన్నాను. దాచి ఇవ్వడం మర్యాద కాదు.

అతను తెరిచి చూశాడు. "దిగి ఒక్క చుట్టు తిప్పితే ఏమైతుండె దొరా?"

"గంతమంది ముంగట నేను డిక్కీ తెరుస్తనా?"

"ఔ, మా బాపు చెప్పేటోడు మీ సంగతి." మూత తిప్పి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "కూసోన్రి."

ఆ కారు స్టీరింగ్ డ్రైవరుకు ఎన్నడూ ఇవ్వలేదు కనుక, ఎడమ పక్క సీటెలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. అతను సడకు మీదికెక్కించి, నిండా తొక్కి బటన్ నొక్కాడు. వెనక నుంచి ఎవరో తన్నినట్టయింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. హమాలీలు, గోదాములు, పత్తి బేళ్లు కలిసి ఒకే గీతగా పోయాయి. బ్రేకు వేశాక అతను నవ్వు ఆపుకోలేక నా వైపు తిరిగాడు.

"ఇంకోపారి పోదమా దొరా?"

కారు అతనిది, నన్ను అడగవలసిన పని లేదు. అడిగాడు కనుక కాస్త ఆలోచించినట్టు కూర్చుని, "పోనియ్" అన్నాను.