మేకులు కొట్టని గడప

వానకు తడిసిన పాత తలుపు వాసన తగిలితే చాలు, నేను మళ్లీ నందికొండ నీళ్ల ఒడ్డున ఉంటాను.

డ్యాం నీళ్లలో మా ఊరు మునిగాక బాపు నందికొండలోనే కూలికి కుదిరాడు. గాలి జోరుగా వీచిన పొద్దున నేను అవ్వ వెంట ఒడ్డుకు పోయేదాన్ని. అలలు సొరకాయ బుర్రలు, విరిగిన కవ్వాలు, చెక్క దువ్వెనలు తెచ్చి పడేసేవి. నీళ్ల అడుగున ఊరు ఇంకా అట్లాగే ఉందని, ఇవన్నీ అక్కడివాళ్లు పారేసినవేనని నా నమ్మకం.

ఒకరోజు పువ్వులు చెక్కిన గడప కొట్టుకొచ్చింది. చెక్కడం సందుల్లో పసుపు ఇంకా మిగిలే ఉంది. పాపం, కింద వాళ్ల ఇంటికి గడప లేకుండా పోయిందని దాన్ని మళ్లీ నీళ్లలోకి నెట్టాను. గాలి తిరిగి తెచ్చింది.

"ఊకో బిడ్డా. జర ఆ కొస పట్టు, ఇంటికి తీస్కపోదం," అంది అవ్వ, గడపను తాకి కళ్లకద్దుకొని.

మా రేకుల ఇంటికి గడప లేదు. దాన్ని బిగించడానికి బాపు మేకులు తెస్తే అవ్వ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"మేకులు కొట్టకురా. దాని మనుషులొస్తే ఇయ్యాలె గద."

ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసేది. గాలి లేచినప్పుడల్లా నేను తడికాళ్ల మనుషుల కోసం వాకిట్లోకి చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరూ రాలేదు.

మా ఇంటి గడప కూడా ఆ నీళ్లలోనే పోయిందన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు. దాన్ని ఏ ఒడ్డున ఎవరు ఎత్తుకున్నా, మేకులు కొట్టకుండా ఉంచాలని అవ్వ కోరిక కాబోలు.