పుట్టువెంట్రుకల మూట

పాత గుళ్ల మరమ్మతు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇనుప కంచె, తెల్ల రంగుతో అంకెలు వేసిన రాళ్లు కనబడితే చాలు, బస్సు కిటికీలోంచి మొహం తిప్పుకుంటాను.

ఎనభైల్లో నా కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. దవాఖానాలో వాడు ఊపిరికి కొట్టుకుంటుంటే మా అత్తమ్మ వరంగల్ దారిలో ఉన్న ఇలవేల్పుకు మొక్కింది. పిల్లవాడు దక్కితే పుట్టువెంట్రుకలు నీ గడప మీదనే తీయిస్తానని. దక్కాడు. మూడో ఏట ఉప్పల్‌లో బస్సెక్కి పోతే గుడికి తాళం. మరమ్మతట. మండపం విప్పి రాళ్లన్నీ గడ్డిలో పరిచారు. నాలుగో ఏడు సరి సంఖ్య, పనికిరాదు. అంటే మళ్లీ ఐదో ఏటనే.

ఆ రెండేళ్లు నాచారంలో మా ఇంట్లో నరకం చూశాను. వాడికి రెండు జడలు, నెత్తి నిండా పేలు, గోకి గోకి పుండ్లు. బడిలో వాణ్ని ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టారు. నేను కత్తెర పట్టుకున్నప్పుడల్లా అత్తమ్మ అడ్డం పడేది.

"దేవుని సొమ్ము బిడ్డా అది, ముట్టకు."

ఐదో ఏట పోతే అవే రాళ్లు. గడ్డి మాత్రం పెరిగింది. ఒకడు బ్రష్షుతో రాతి ఏనుగు చెవి తోముతున్నాడు. గొడుగు కింద పేపర్ చదువుకుంటున్న మరమ్మతు సారుకు అత్తమ్మ చేతులు జోడించింది.

"గడప కాడ జరసేపు కూసుంటం సారూ."

"పురాతన కట్టడం, తొందరపడితే కాదు. వచ్చే ఏడు రా" అన్నాడు తలెత్తకుండా. వచ్చే ఏడు సరి సంఖ్యని వాడికేం తెలుసు!

నాకు తిక్క రేగింది. కంచె బయట పడి ఉన్న ఒక అంకె రాయి మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టి, గేటు ముందర పనిలేక కూర్చున్న మంగలాయనను పిలిచాను. అప్పుడు లేచాడు సారు. పేపర్ పడేసి ఉరికొచ్చాడు.

"రాయి మీద కూసోవద్దు! అరుగుతది!"

"రెండేండ్ల సంది మీరు ఎండల పండవెట్టినప్పుడు అరగలేదా? నా పొల్లగాని బరువుకే అరుగుతదా?"

మంగలాయన కత్తి ఆపలేదు. పుండ్లకు గాలి తగిలి నా కొడుకు నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. ఒక్క వెంట్రుక పోకుండా ఏరి పసుపు గుడ్డలో మూట కట్టింది.

"గుండు అయింది గని మొక్కు తీరలే. తలుపు తెరిసినంక నేనే గడప మీద పెడ్త" అంది.

మూట ట్రంకు పెట్టెలో చేరింది. ఆ తర్వాత వరంగల్ దారిలో నారపల్లి దాటి పోయే ప్రతి ఒక్కరినీ ఆమె గుడి సంగతి అడిగేది. చివరికి దవాఖానా మంచం మీద నన్నూ అడిగింది.

"తెరిసిన్రా బిడ్డా?"

"లేదత్తమ్మా."

గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రే పోయింది. నాకూ ఆమెకూ ఏనాడూ పడలేదు. అయినా ఆ రోజు గొడుగు కింది మనిషి దొరికితే కొట్టేదాన్నే.

ఇప్పుడు నా కొడుకు నెత్తి పలచబడింది. ట్రంకు తీసినప్పుడల్లా ఆ మూట పారేయమంటాడు. ముట్టనివ్వను. అది దేవుని సొమ్ము కాదు, మా అత్తమ్మ సొమ్ము.