సీసాలు తిప్పే తియోఫిల్

ఫ్రాన్సులోని ఎపెర్నే ఊళ్లో పెద్ద షాంపేన్ కంపెనీ నేలమాళిగలో తియోఫిల్‌ది ఒకటే పని. తలకిందులుగా వాల్చిన సీసాల్ని రెండు చేతులా కాస్త కాస్త తిప్పుతూ, అడుగున చేరిన మడ్డిని మూతి దగ్గరికి దించాలి. ఆ వేళ్లకి ఊరుకోవడం తెలీదు. ఇంట్లో ఉప్పుబుడ్డి, చర్చిలో కొవ్వొత్తి, ఏది దొరికినా తిప్పేస్తాయి. "నిద్దట్లో నా మెడ కూడా తిప్పుతాడేమోనమ్మా!" అని భార్య సొలాంజ్ ఇరుగుపొరుగుతో అంటే అందరికన్నా ముందు అతనే పగలబడి నవ్వుతాడు. "నా చదువంతా వేళ్లలోకి దిగిపోయింది, తల ఖాళీ" అంటాడు.

సీసాలు తిప్పే యంత్రాలొచ్చాయి, తియోఫిల్‌కి వీడ్కోలు విందు చేశారు. యజమాని మర్యాదకి అతని చేతికే సీసా ఇచ్చి తెరవమన్నాడు. జీవితమంతా మూసిన సీసాలు తిప్పినవాడికి తెరవడం ఏం తెలుసు? బిరడా రివ్వున ఎగిరి గోడమీది కంపెనీ మూలపురుషుడి పటానికి, సరిగ్గా ముక్కుమీద తగిలింది. హాలంతా కొయ్యబారిపోయింది. తియోఫిల్ తడిసిన చొక్కాతోనే పటానికి వంగి దణ్ణం పెట్టాడు.

"ఇన్నేళ్లూ మీ కొలువులోనే ఉన్నాను దొరగారూ! మీ కంట పడటానికి ఇవాళ్టికి కుదిరింది."

యజమానితో సహా అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లో అతను ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. సొలాంజ్ వెతుక్కుంటూ నేలమాళిగలోకి దిగితే, సీసాల బోనుని మొత్తంగా తిప్పుతున్న యంత్రం ముందు నిలబడి ఉన్నాడు.

"ఏం చూస్తున్నావయ్యా?"

"నాకన్నా బాగా తిప్పుతోందే," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కానీ పాపం, ఇంటికి తీసుకెళ్లడానికి దీనికెవరూ రారు."