సంబోధనా ప్రథమా విభక్తి

యూనివర్సిటీ చరిత్ర విభాగంలో ఎవరిని ఏమని పిలవాలో అటెండరు సామేలుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇరవై ఆరేళ్ల సర్వీసు మరి. హెడ్డు 'సార్'. రిసెర్చి చేసే కుర్రాడు తన కొడుకు వయసువాడైనా 'అన్న'. ఆ అన్నకు డాక్టరేటు చేతికొచ్చిన మర్నాటి నుంచి 'సార్'. ధర్నాకు వచ్చిన విద్యార్థి నాయకుణ్ణి జెండా రంగు చూసి పిలిచేవాడు. అంత నేర్పరి యాభై నాలుగో ఏట ఒక్క పిలుపు దగ్గర బొక్కబోర్లా పడ్డాడు.

విభాగంలో రికార్డు అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. అటెండరుకు స్టూలు, రికార్డు అసిస్టెంటుకు కుర్చీ. చేరగిలబడ్డానికి వీపున్న కుర్చీ మీద సామేలుకు చాలాకాలంగా కన్నుంది. పదో తరగతి సర్టిఫికెట్ జూన్‌లోగా తెస్తే పోస్టు నీదే, తేకపోతే వేరేవాళ్లకు పోతుంది అని సూపరింటెండెంటు చెప్పాడు. సామేలు చదువు తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. అందుకని తార్నాక చౌరస్తా వెనక సందులో, మెడికల్ షాపు మీది అంతస్తులో, ప్రైవేటుగా పదో తరగతి రాయించే ఆదివారం క్లాసుల్లో చేరాడు.

మొదటి రోజే ఆ సెంటరు నడిపే కమలాకర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇక్కడ అన్న, అక్క, తమ్మి, బిడ్డ అనే వరసలు చెల్లవు, ఆడవాళ్లయితే మేడం, మగవాళ్లయితే సార్, వయసుతో పనిలేదు అన్నాడు. కిందటి బ్యాచిలో ఎవరో ఆయన్ని నిండు క్లాసులో 'ఏం తమ్మీ' అన్నారట. ఆ దెబ్బ ఇంకా మానినట్టు లేదు. సామేలు తల ఊపాడు. తనకు చెప్పాలా ఈ సంగతి?

అప్పుడు తెలుగు చెప్పే మేడం లోపలికి వచ్చింది. సామేలు ఊపుతున్న తల అక్కడే ఆగిపోయింది.

ఆమె క్రిస్టినా. బాపట్ల నుంచి వచ్చి సామేలు పనిచేసే విభాగంలోనే ప్రొఫెసరుగా రిటైరైన హెలెన్ మేడం కూతురు. క్యాంపస్ క్వార్టర్స్ నుంచి బడికి నర్సరీ మొదలు మూడో క్లాసు దాకా ఆ పిల్లను సైకిలు ముందు కడ్డీకి చిన్న సీటు కట్టి తీసుకెళ్లింది సామేలే. దారిలో జడ ఊడితే వేసింది కూడా అతనే, వంకరగానైనా. అతను 'బుజ్జమ్మా' అనేవాడు, ఆమె 'అంకుల్' అనేది. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని, హాజరు పట్టీ చంకన పెట్టుకుని ఎదురుగా నిలబడింది. అతన్ని చూసింది, నవ్వబోయింది, కమలాకర్ వైపు చూసి నవ్వు మింగేసింది.

ఇంటికెళ్లి సంగతి చెబితే భార్య బాలలక్ష్మి తేలిగ్గా తీసిపారేసింది.

"మేడం అనుడు గంత కష్టమా? బస్సుల లేడీ కండక్టర్‌ను అంటలేవా?"

"మేడం అంటే హెలెన్ మేడమే ఒచ్చి నిలవడ్తది కండ్ల ముంగట. ఆమె బిడ్డను పట్టుకొని మేడం అంటే, మరి ఆమెనేమనాలె?"

సరే ప్రాక్టీసు చేద్దామని బాలలక్ష్మి మంచం మీద మేడంలా కూర్చుంది. సామేలు చేతులు కట్టుకుని 'మేడం' అన్నాడు. ఆమెకు అది తెగ నచ్చి ఇంకోసారి అనమంది. అలా పదిసార్లు అనిపించుకుని, ఆ ఊపులో టీ కూడా పెట్టించుకుంది. అంత సాధన చేసి వెళ్తే, మరుసటి వారం మెట్ల మీద క్రిస్టినా ఎదురైనప్పుడు నోట్లోంచి వచ్చిన మాట 'బుజ్జమేడం'. ఆమె విననట్టే పైకి వెళ్లిపోయింది. ఇంకెప్పుడూ నోరు తెరవకూడదని సామేలు ఒట్టు పెట్టుకున్నాడు.

అయితే హాజరు సంగతేమిటి? అక్కడ ఒక అద్భుతం జరిగింది. సామేలు నంబరు పద్నాలుగు. క్రిస్టినా పట్టీలోకి చూస్తూ వరసగా పేర్లు చదివి, పదమూడో పేరు తర్వాత చిన్నగా దగ్గి, పదిహేనో నంబరు పోచమ్మకు వెళ్లిపోయింది. పై వారమూ అంతే. బైబిల్లో ఐగుప్తు కథలో తనవాళ్ల గుమ్మాలు ముట్టకుండా దాటి వెళ్లిన దేవుడే తన పేరును దాటించాడని సామేలు లోలోపల స్తోత్రం చెప్పుకున్నాడు. ఎదురుగా కనిపిస్తున్నవాడికి టిక్కు పెట్టకుండా ఉంటుందా అనుకున్నాడు. సందేహాలొస్తే పక్కనున్న పోచమ్మ చెవిలో వేసేవాడు. ఆమె అంబర్‌పేటలో కూరగాయలమ్ముతుంది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. 'మేడం, గీ సామేలన్నకు సమాసాలు సమజైతలేవంట' అని సందు చివరిదాకా వినిపించేది.

ఆరో వారం విభక్తులు వచ్చాయి. డుమువులు ప్రథమ, నిన్, నున్, లన్ ద్వితీయ దాకా బాగానే నడిచింది. సంబోధనా ప్రథమ దగ్గర క్రిస్టినా ఉదాహరణ అడుగుతూ సామేలుకీ గోడకీ మధ్య ఎక్కడో చూసి, "మీరు చెప్పండి" అంది. సామేలు లేచాడు. ఓ, ఓయి, ఓరి, ఓసి అని గడగడా అప్పజెప్పాడు. ఉదాహరణ మాత్రం రాలేదు. ఎవర్నో ఒకర్ని పిలిచి చూపాలి మరి.

"ఓసి పోచమ్మా అను. నేనేమనుకోను," అంది పోచమ్మ.

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఆటో నడిపే లచ్చయ్య ఒక సందేహం అడిగాడు. మరి సార్, మేడం ఏ విభక్తి కిందికొస్తాయి? క్రిస్టినా అవి ఇంగ్లీషు మాటలని చెప్పబోయి, అయినా పిలుపే కదా అని ఆగి, వచ్చే వారం చూద్దామంది. పిలవడంలో పంతులమ్మకే స్పష్టత లేకపోతే ఎలా అని సామేలు బెంగపడ్డాడు.

ఎనిమిదో వారం హాజరు పిలిచాక తలుపుకు ఒక కాగితం అంటించారు. హాజరు చాలనివాళ్లు పరీక్షకు కూర్చోకూడదట. జాబితాలో ఒకటే పేరు. సామేలు, ఎనిమిదికి సున్నా.

కమలాకర్ చేతులెత్తేశాడు. బుధవారం లిస్టు పైకి పోతుంది, టీచరుకు దరఖాస్తు రాసి ఆమె సంతకం తెచ్చుకుంటే తప్ప తనేం చేయలేనన్నాడు. సామేలు వెనక బెంచీ మీద కూర్చుని కాగితం తీశాడు. 'గౌరవనీయులైన మేడం గారికి' అని రాస్తే ఉత్తరం హెలెన్ మేడానికి పోయేట్టుంది. 'చిరంజీవి బుజ్జమ్మకు' అంటే కమలాకర్ చింపేస్తాడు. 'ప్రియమైన' అన్నది రాసి, చుట్టూ చూసి, సిగ్గుపడి కొట్టేశాడు. నాలుగు కాగితాలు పాడయ్యాక, ఆఫీసు ఫైళ్లు మోసిన అనుభవంతో పిలుపు జోలికే పోకుండా నేరుగా 'విషయం: ఎనిమిది వారాలు వచ్చినట్టు మనవి' అని మొదలుపెట్టి ముగించాడు.

క్లాసు ఖాళీ అయ్యాక తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. క్రిస్టినా అలవాటుగా ఎర్ర పెన్ను తీసి, పైన సున్నా చుట్టి, "సంబోధన లేదు. ఒక మార్కు పోతుంది," అంది. తర్వాత కింద పేరు చదివింది. పెన్ను పక్కన పెట్టింది.

"అంకుల్, మీరు ఒక్క వారమైనా మానలేదు కదా."

"లేదు."

"తప్పు నాది. ఉత్త సామేలు అని పిలవడానికి నోరు రాలేదు. అంకుల్ అందామంటే వరసలు వద్దన్నారు. అందుకే దగ్గి దాటేశాను. దాటేసినచోట టిక్కు పెట్టడం తట్టలేదు."

సామేలు ఎర్ర సున్నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ తనకొక్కడికే తెలియదనుకున్నది ఆమెకూ తెలియదు. అయితే ఎవరికి తెలుసు? ఆమె ఎనిమిది గళ్లలో ఎనిమిది సంతకాలు పెట్టి, వచ్చే వారం నుంచి ఏమని పిలవమంటారని అడిగింది.

"మీ ఇష్టం... నీ ఇష్టం..." అని రెండూ అనేసి, ఏది వెనక్కి తీసుకోవాలో తెలియక, "ఇష్టమున్నట్టు," అని మెట్లు దిగిపోయాడు.

పై ఆదివారం హాజరు మొదలైంది. పదమూడో పేరు అయింది. దగ్గు వినిపించలేదు.

"సామేలు గారు."

సామేలు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరీ గారు? ఇరవై ఆరేళ్లలో సామేలూ, ఓ సామేలూ, సామేల్ గాడెక్కడ అన్నవి విన్నాడు గానీ ఈ మనిషిని ఎన్నడూ వినలేదు. వెనక బెంచీలో లచ్చయ్య ఒక్కడే ఉన్నాడు. పోచమ్మ మోచేత్తో పొడిచింది.

"నిన్నే పిలుస్తున్నది. లే."

సామేలు లేచి "ఉన్న" అని మాత్రం అనగలిగాడు. క్రిస్టినా పదిహేనో పేరు పిలిచింది. పోచమ్మ పలకలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంకోసారి పిలిచినా అంతే.

"పోచమ్మ గారు."

"ప్రెజెంట్ మేడం."

అది విని, అప్పటికే పలికేసిన పదమూడుమందీ మా సంగతేమిటని లేచారు. చేసేదిలేక క్రిస్టినా పట్టీ తిప్పి ఒకటో నంబరు నుంచి, ఒక్కొక్కరికీ గారు తగిలిస్తూ, మళ్లీ మొదలుపెట్టింది.

సామేలుకు పదమూడు పేర్ల వ్యవధి దొరికింది. ఉత్త 'ఉన్న' అంటే గారు అన్నామెకు మర్యాద కాదు. మేడమా? బుజ్జమ్మా? ఏడో పేరు దాకా మేడం వైపు మొగ్గాడు, పదో పేరు దగ్గర మనసు మారింది, పన్నెండు దగ్గర మళ్లీ మారింది.

"సామేలు గారు."

"ఉన్న మేడం బిడ్డా."

గుమ్మంలో నిలబడ్డ కమలాకర్ అభ్యంతరం చెప్పడానికి చెయ్యెత్తాడు. అందులో మేడం ఉంది, బిడ్డా ఉంది. ఆ ఎత్తిన చేత్తో తల గోక్కున్నాడు. క్రిస్టినా తలెత్తకుండా టిక్కు పెట్టింది.