మూసిన తలుపు ముందు ఆగిన ఘటం

దయ్యాలనూ పూనకాలనూ నమ్మిన మనిషిని కాను. జాతరలో ఎవరైనా ఊగుతుంటే పక్కకు తిరిగి నవ్వుకునేవాణ్ణి. మా ఊళ్లో నా మాటగా చెలామణి అవుతున్న ఒక అబద్ధాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన రెండు మూడేళ్లకు జరిగింది. సాతంరాయి దాటితే మా ఊరు. ఆషాఢం బోనాలప్పుడు మైసమ్మ ఘటం ఎత్తేది మా ఇంటివాళ్లే. అమ్మవారిని కలశంలోకి పిలిచి, పూలతో అలంకరించి, తలమీద పెట్టుకుని ఇంటింటికీ తిప్పుతాం. ప్రతి గుమ్మం దగ్గరా ఆడవాళ్లు పసుపు, వేపాకు కలిపిన నీళ్లు మోసేవాడి కాళ్ల మీద పోస్తారు. దాన్ని సాక అంటాం. ఆ నీళ్లు మనిషికి కాదు, తల్లికి. ఆ ఏడు అన్నకు జ్వరమొచ్చి వంతు నామీద పడింది.

ఊరి చివర కొత్తగా కిరాయి గదుల వరస లేచింది. అక్కడ ఆగొద్దని పెద్దలు ముందే అనుకున్నారు.

"సొంతిల్లు ఉన్నోళ్ల కాడనే ఆగుదాం. అందరి కాడ ఆగుకుంట పోతే గుడికి ఎప్పుడు చేరుతం?" అన్నాడు పెద్దమనిషి నర్సింహన్న.

పొలమూ ఇల్లూ అమ్ముకున్న మా ఊరి బాలమ్మ ఆ గదుల్లోనే ఉంటోందని నాకు తెలియదు.

తలుపులన్నీ మూసి ఉన్నాయి. వరస మధ్యలోకి వచ్చేసరికి నా పాదాల మీద చల్లని నీళ్లు పడ్డాయి. అలవాటుగా ఆగాను. ఎదురుగా ఎవరూ లేరు. కళ్లు దించి చూస్తే నేల పొడిగా ఉంది, పాదాలూ పొడిగానే ఉన్నాయి. చల్లదనం మాత్రం వేళ్ల సందుల్లోంచి జారుతోంది.

ముందుకు పోయిన డప్పులు వెనక్కి వచ్చాయి.

"ఏందిరా, ఆగినవ్? పొద్దుగాలనే మందేసినవా ఏంది?" అన్నాడు నర్సింహన్న. డప్పులవాళ్లు నవ్వారు. ఘటం దించేదాకా మాట్లాడకూడదు. అడుగు వేయబోయాను. కాళ్లు రాలేదు.

డప్పులు ఆగేసరికి పక్క తలుపు తెరుచుకుంది. బాలమ్మ. చేతిలో ఖాళీ చెంబు. వెనక గదిలో, మైసమ్మ పటం కింద నేలంతా పసుపు నీళ్లు, వేపాకులు.

"నువ్వు గీడ ఆగవన్నరు తల్లీ. గందుకే లోపల్నే పోసిన," అంది. ఆమె చూపు నా మీద లేదు, ఘటం మీద ఉంది. "ముట్టిందా బిడ్డా? సల్లగైనయా కాళ్లు? ఇగ పో, ఎండకు మాడకు."

ఆ మాటతో నా కాళ్లు కదిలాయి.

గుడి దగ్గర అందరూ అడిగారు. తిమ్మిరెక్కిందన్నాను. నన్ను చూసి నవ్వుతారని భయం. ఊరు అదే నమ్మింది. మరుసటి ఏడు అన్న ఎత్తిన ఘటం ఆ వరస ముందు ఆగలేదు. తర్వాత బాలమ్మ మైలార్‌దేవ్‌పల్లిలో కూతురి దగ్గరికి పోయి, అక్కడే కన్నుమూసిందట.

తిమ్మిరి కాదు. గోడ అవతల పోసిన నీళ్లు నా కాళ్లకు ఎలా తెలిశాయో ఇప్పటికీ చెప్పలేను. తన గుమ్మం దాటిపోతున్న తల్లిని ఒక్క మాటా అనకుండా, ఎండ గురించి బెంగపడేంత చనువు నేనెక్కడా చూడలేదు.

ముట్టిందా అని ఆమె అడిగింది. ముట్టిందని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె బతికుండగా చెప్పలేదు.